తీగ తుడవకుండా ఆరేశాను

అత్తయ్యా, ఇది మీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

వాన తెరిపిచ్చింది. మీరు పోయినప్పటి నుంచి బాత్రూంలో పేరుకున్న బట్టల గుట్టను ఇవాళ కదిపాను. ఛీ, ఏం కంపు. మీ అబ్బాయి సాక్సులు పట్టుకుంటే జిగట. నా నైటీకి బూజు. ముక్కుకు చున్నీ కట్టుకుని అన్నీ ఉతికి మేడ మీద ఆరేశాను.

సాయంత్రం తీయబోతే ప్రతి దుప్పటికీ, పాప యూనిఫాంకీ నడిమధ్య నల్లటి చార. ఇన్నాళ్ళూ పోర్టు వైపు నుంచి గాలికి కొట్టుకొచ్చిన బొగ్గు పొడి వాన తడికి తీగకు మందంగా పట్టి ఉంది. నా చేతులూ నల్లగా అయ్యాయి.

మీ అబ్బాయి పైకొచ్చి, "తీగ తుడవనేదేటి?" అన్నాడు. తన బనీను తాను ఉతుక్కోని మనిషి.

నేను బకెట్‌తో మెట్లెక్కితే చాలు, కింద నుంచి "తీగ తుడిసేవేటే?" అని కేకేసేవారు మీరు. రోజూ అదే కేక. ఒళ్ళు మండేది.

అన్నీ మళ్ళీ ఉతికాను. తీగ కొసకు మీరు కట్టిన పాత చీర పీలిక అలాగే ఉంది. దాన్ని విప్పి, ఆ చివర నుంచి ఈ చివరకు తుడిచాను. కింద నుంచి ఎవరూ అడగలేదు.

అయినా "తుడిచానత్తయ్యా" అని కేకేశాను.