అమ్మకు చెప్పిన సినిమా

టూంగాబీ, సిడ్నీ, 2000 ఫిబ్రవరి, ఆదివారం

మధ్యాహ్నం టీవీలో పాత హాలీవుడ్ సినిమా వచ్చింది. అమెరికాలో పనులు దొరకని రోజుల్లో, ఉద్యోగం లేనివాణ్ణి ప్రేమించిన అమ్మాయి కథ. ఇంగ్లీషు రాని అమ్మకు ప్రతి మాటా తెలుగులో చెప్పాను.

చివర్లో హీరోయిన్ తండ్రితో చిన్న మాటేదో అంది. నేను మాత్రం, "కంప్యూటర్లలో వైటూకే పని అయిపోయిందని ఉద్యోగంలోంచి తీసేశారు నాన్నా, అతని తప్పేం లేదు. చాలా మంచివాడు," అని చెప్పుకుపోయాను.

"ఆ పిల్ల రెండు ముక్కలేగా అన్నది! ఇదంతా ఎవరి గురించే?" అంది అమ్మ.

"రవి అని, యూనివర్సిటీలో నాతో చదివాడమ్మా."

సినిమా అయ్యాక అమ్మ టీవీ కట్టేసింది. తర్వాత, "ఆ పిల్లకి అమ్మ లేదా?" అని అడిగింది.

"లేదమ్మా."

"నీకు ఉన్నాగా. రేపు అన్నానికి రమ్మను."

రవికి ఫోన్ చేశాను. ఇంటర్వ్యూ కోసం దాచుకున్న చొక్కా వేసుకొస్తాడట.