తూకం బటన్

బంగారుపాళ్యం, జూన్ 2001

నాయనా,
నేను ఈడ బాగుండాను, దిగులు పడొద్దు.

మా పల్ప్ ఫ్యాక్టరీలో కాటా చూసే మునిరామయ్యన్నకు కంప్యూటర్ రాదు. అందుకని ఎక్సెల్‌లో మాక్రో రాసి, ఒక్క బటన్ నొక్కితే మామిడికాయల బండి తూకం చీటీ వచ్చేట్టు చేసిచ్చినాను. నిన్న మేనేజరు వచ్చి, ప్రతి బండికీ తూకం కొంచెం తగ్గేట్టు దాన్ని మార్చమన్నాడు.

“మునిరామయ్యన్న నమ్మి నొక్కే బటన్ సార్ అది. మార్చను” అన్నాను.

“అయితే పని మానుకో” అన్నాడు.

“ఎందుకు మానుకోవాల్నో కాగితం మీద రాసియ్యండి” అన్నాను. రాయలేదు. ఈ పొద్దు కూడా నా కుర్చీలోనే కూర్చోనుండాను.

అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? నా గొడుగు పక్కింటి రేవతి చేత పంపించు. చెల్లిని బాగా చదువుకోమను. మన తోట కాయలు ఇంకెక్కడికీ తోలొద్దు, ఈడికే తోలు. తూకానికి నాది పూచీ.

నీ కూతురు
రూపశ్రీ