బాప్తిస్మపు తొట్టి మూత

గౌరవనీయులైన పెద్ద మామయ్య గారికి, మందిర నిర్మాణ చరిత్ర సంఘం కార్యదర్శి హోదాలోనూ, మేనల్లుడి హోదాలోనూ వందనములు.

మన బాప్తిస్టు మందిరానికి పునాది ఎవరు వేశారో, గంట ఎవరిచ్చారో రాసేశాను. వేదిక కింది బాప్తిస్మపు తొట్టిని ఏళ్ళ క్రితం మీరూ చిన్న మామయ్యా చెక్కపలకలతో మూశారన్న దగ్గర కలం ఆగింది.

ఈ ఆదివారం నా కూతురు అందులోనే బాప్తిస్మం తీసుకుంటానంటోంది. అందుకని నిన్న మూత తీయించాం. వడ్రంగి మొదటి పలక ఎత్తి, "అయ్యగారూ, మేకులన్నీ కిందనుంచి కొట్టారండీ! కొట్టినాయన ఎటు బయటికొచ్చాడు?" అన్నాడు.

"నిన్ను ఊడదీయమన్నామా, విచారణ చేయమన్నామా?" అని కోశాధికారి గద్దించారు. ఈ మందలింపును సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది.

తొట్టి పొడిగా ఉంది. మనిషి ఆనవాలేమీ లేదు. అడుగున ఒక సుత్తి మాత్రం ఉంది. నేనే తీశాను. ఎవరో అప్పుడే కింద పెట్టినట్టు దాని పిడి వెచ్చగా ఉంది.

మూత వేసిన మర్నాడే చిన్న మామయ్య పని వెతుక్కుంటూ దూరం వెళ్ళిపోయాడని అమ్మతో మీరే చెప్పారు; ఆ తర్వాత ఆయన కబురేదీ మాకు అందలేదు. దయచేసి ఆయన చిరునామా పంపండి. ఆదివారంలోగా అందితే అమ్మాయిని నిశ్చింతగా నీళ్ళలోకి దింపుతాను. అందని పక్షంలో, తమరే విచ్చేసి ముందుగా దిగి చూడవలసిందిగా సంఘం కోరుతోంది.

ఇట్లు,
కార్యదర్శి