మల్లెకు చేసినట్టే చేసిన

మాఘం, బుధవారం.

నెల కింద ఆ పొద్దు ఎప్పటిలాగే ఉండె. వాకిలి ఊడ్చి, ముగ్గేసి, రాముడి పటానికి మొక్కి కత్తెర పట్టిన. ఏటా చేసినట్టే మల్లెలను కత్తిరించి, నీళ్లు ఆపి ఎండగట్టిన. అట్లయితేనే ఎండాకాలం విరగబూస్తయి. పక్కనున్న క్లెమాటిస్ అనే పూలతీగను కూడా మొదలుకంటా కోసి, దానికీ నీళ్లు ఆపిన.

ఆ మొక్క తమ్ముడి భార్య సుజాతది. ఊటీ నుంచి భద్రాచలంల బస్సు దిగేదాకా ఒళ్లోనే పెట్టుకొని తెచ్చుకుంది. పోయినేడు నాలుగు నీలం పూలు పూస్తే ఇంటింటికీ చెప్పింది.

ఇయ్యాల మట్టి తీసి చూస్తే వేర్లు పుల్లల్లా విరిగినయ్.

"కొమ్మలు కోస్తే ఏం కాదు వదినా. దీనికి వేరు కింద తడి ఆరొద్దు," అన్నది సుజాత మెల్లగ. తిట్టినా బాగుండేది.

జపానికి కూసుంటే రెండుసార్లు లెక్క తప్పింది. ఒక్కమాట అడగకపోతినే. పెద్దదాన్ని, నాకు తెల్వదా అనుకుంటి. ఇంకా ఎన్నింట్ల ఇట్లనే చేసిన్నో...

సాయంత్రం అందరం కూసున్నం. ఒక వేరు గీకితే లోపల ఇంకా తెల్లగుంది. ఉగాది దాకా పీకొద్దని, మొదట్ల గడ్డి కప్పాలని, సుజాతే నీళ్లు పొయ్యాలని అనుకున్నం.

"అక్కా, నువ్వు దాని దిక్కు పోకు," అన్నడు తమ్ముడు నవ్వుకుంట.

సరేనన్న. నన్ను ఎవరేమన్నా ఊకోని సుజాత, ఇయ్యాల ఏమనలేదు.