తొంభై ఆరు దగ్గరే ఆగిన గడియారం

ఇబ్రహీంపట్నం, 4-8-2007

మీ టైమర్ నా ఉద్యోగం తినేసింది.

పుస్తకంతో వచ్చిన మీ సీడీ నుంచి దాన్ని మా ప్లాట్ల ఆఫీసు కంప్యూటర్‌లో నేనే ఎక్కించిన. మార్చి ఒకటిన మా సారు వెంకటేశ్వర్లు, "వంద రోజులు పెట్టు ఐలేషూ. అది సున్నాకి వచ్చిన రోజే నిన్ను పర్మనెంట్ చేసేస్తా" అన్నడు. ఐదు నెలలైంది. రోజూ పొద్దున చూస్తే తొంభై ఆరు! అడిగితే, "కంప్యూటర్ అబద్ధం చెప్పదబ్బాయ్" అంటడు. వారంలో బాగుచేయండి.

ఐలేష్

తా.క.: గోడ క్యాలెండర్ చూపించిన. అది మిఠాయి దుకాణమోళ్లది, చెల్లదన్నడు.

గడియ సాఫ్ట్, అమీర్‌పేట, 9-8-2007

గౌరవనీయులైన ఐలేష్ గారికి, నమస్కారం.

మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయగలరు.

భవదీయురాలు,
శ్రీసుధ

తా.క.: ఇదే సలహాతో మా ఆఫీసు ఏసీ కూడా బాగైంది.

ఇబ్రహీంపట్నం, 14-8-2007

శ్రీసుధ మేడంకు,

రోజూ సాయంత్రం ఆపి, పొద్దున ఆన్ చేసేది నేనే. పొద్దున్నే మళ్లీ తొంభై ఆరు! మా వాచ్‌మన్ శివయ్య తాత, "అది గడియారం కాదుర, మీ సారు నోరు" అని నవ్వుతున్నడు. మీ కంపెనీల తెలిసినోళ్లు ఎవరన్నా ఉన్నరా?

కోపంతో,
ఐలేష్

తా.క.: నాకు కంప్యూటర్ రాదనుకోకండి. ప్లాట్ల మ్యాపు సాఫ్ట్‌వేర్ ముప్పై రోజుల ట్రయల్‌ది. ఐదు నెలల నుంచి నా తెలివితోటి నడిపిస్తున్న. శేరిగూడ కాలేజీ ఇంజినీర్లకు కూడా చేతకాలే.

అమీర్‌పేట, 18-8-2007

ఐలేష్ గారికి, నమస్కారం.

మీ తా.క. ఆఫీసంతా చదివాం. ఆ ట్రయల్ అయిపోకుండా రోజూ పొద్దున కంప్యూటర్ తేదీని మార్చి ఐదుకు తిప్పుతున్నారా? టైమర్ కూడా ఆ తేదీనే చూసి లెక్కపెడుతుంది.

శ్రీసుధ

తా.క.: మీ కంప్యూటర్‌కు ముందస్తు ఉగాది శుభాకాంక్షలు.

ఇబ్రహీంపట్నం, 24-8-2007

శ్రీసుధ మేడంకు,

నా ఉద్యోగం తిన్నది నేనే.

నిన్న తేదీ తిప్పలే. సరైన తేదీ పెట్టంగనే టైమర్ సున్నా చూపెట్టి మోగింది. మ్యాపు మాత్రం తెరుచుకోలే. ప్లాటు చూద్దామని హయత్‌నగర్ నుంచి వచ్చినోళ్లు ఖాళీ తెర ముంగట కూసున్నరు. సారు ఉరికొచ్చిండు.

"ముందు తేదీ వెనక్కి తిప్పబ్బాయ్!"

"ముందు పర్మనెంట్ కాయితం ఇయ్యుండ్రి సార్."

"ఆ టైమర్ పాడైంది. కంప్యూటర్ మాట నమ్ముతామా ఎక్కడైనా?"

అప్పటి నుంచి కీబోర్డు సంకల పెట్టుకొని కూసున్న. మీ టైమర్ సక్కగున్నదని ముద్రేసి, సంతకం పెట్టి ఉత్తరం పంపాలె. ముప్పై తారీఖు లోపల నా చేతికి రావాలె.

ఐలేష్

తా.క.: ముప్పై ఎందుకంటే, మీ టైమర్ కూడా ఆరు నెలల ట్రయల్‌దే. ముప్పై ఒకటిన ఆగిపోతది. మళ్లీ నడవాలంటే నేనే తేదీ వెనక్కి తిప్పాలె.