ముందు గ్రైండరు

బ్రన్స్‌విక్,
సోమవారం.

క్లైవ్ అన్నయ్యా,

ఈస్టరుకి వచ్చినప్పుడు మీ బావతో "మంచి కాఫీకి మిషన్ కన్నా గ్రైండరే ముఖ్యం" అన్నావు చూడు, ఆ నోటికి ఓ దణ్ణం. ఇప్పుడు మా వంటింట్లో మూడు గ్రైండర్లున్నాయి. గింజలు తూచడానికో త్రాసు, పొడి చదును చేయడానికో పరికరం కూడా వచ్చాయి. కాఫీ కాచే మిషన్ మాత్రం లేదు.

అడిగితే, "తొందరపడకే! ముందు పొడి కుదరనీ, మిషన్‌దేముంది?" అంటారు. రోజూ పొద్దున్నే గింజలు పట్టి, పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇంకొక్క పిసరు సన్నబడాలి" అని పెదవి విరిచి, ఆ పొడంతా గులాబీ మొక్కలకు వేస్తారు. గులాబీలు మాత్రం విరగబూస్తున్నాయి.

నిన్న ఆ వాసనకి పక్కింటి డోరీన్ ఖాళీ కప్పు పట్టుకుని మరీ వచ్చింది. టీ పోసిస్తే, "ఇంత మోసమా తల్లీ!" అని కప్పు వంకా నా వంకా చూసింది.

శనివారం నువ్వొస్తే కాఫీకి ఏ నీళ్ళు మంచివో అడుగుతారట. దయచేసి నోరు విప్పకు. నీ షెడ్డులో మూలపడ్డ పాత మిషన్ కారులో వేసుకురా. "మా ఇంట్లో చోటు లేదు బావా, కొన్నాళ్ళు ఇక్కడ ఉంచుకో" అని చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

అంతవరకూ, కమ్మటి కాఫీ వాసనలో టీ తాగుతూ,
నీ చెల్లెలు.