గడియ వేసిన ఆపా

తెనాలి

ప్రియమైన ఆపాకు,

నీ ఫర్హానా సలాములు. ఇక్కడ మేమంతా బాగున్నాం. అమ్మీకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. కొల్లిపర నుంచి ఎవరో తెచ్చిన నూనె రాస్తోంది, ఇల్లంతా ఒకటే వాసన. మా పాప నగీనా రెండో తరగతికి వచ్చింది, ముందు పళ్ళు రెండూ ఊడాయి. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"నా మొహం చూడటం కష్టంగా ఉందా? బాపట్ల రావడం ఎందుకు మానేశావు?" అని అడిగావు. ఫోన్లో అయితే ఏడుపే వస్తుంది. అందుకే రాస్తున్నాను.

మనం రేపల్లెలో ఉన్నప్పుడు, మన అబ్బా స్నేహితుడు ఇంటికొస్తే చాలు, నన్ను గదిలోకి తోసి బయట గడియ వేసేదానివి. నాకు ఏడేళ్ళు, నీకు పదకొండు. తలుపు బాదేదాన్ని. నేనంటే నీకు ఇష్టం లేదనుకుని ఆ కోపంతోనే పెరిగాను. వాడు నిన్ను ఏం చేసేవాడో పోయినేడు నువ్వు నోరు విప్పి చెప్పాకే ఆ గడియ ఎందుకో తెలిసింది. అప్పట్నుంచీ నిన్ను చూస్తే ఒకటే అనిపిస్తుంది, నా వంతు కూడా నువ్వే పడ్డావని.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. రెండు నెలల క్రితం వర్షంలో నగీనా బడి వ్యాను దిగలేకపోతే డ్రైవరు ఏసుపాదం ఎత్తి దింపాడు. ఆ పెద్దాయన మీద వీధి వీధంతా వినేలా అరిచాను.

"తాత ఏం చేశాడు అమ్మీ?" అంది నగీనా.

మర్నాడు మీ మరిది అన్సార్ నన్ను కౌన్సెలింగ్ చేసే మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళారు. అరగంట నీ గురించే చెప్పాను.

"అక్క సంగతి చెప్పారు. మీకెలా ఉందమ్మా?" అందామె.

ఆ మాట నన్నెవరూ అడగలేదు ఆపా. నన్ను నేనూ ఎప్పుడూ అడగలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను.

"తప్పు ఆ మనిషిదే. పదకొండేళ్ళ పిల్లదీ కాదు, ఏడేళ్ళ పిల్లదీ కాదు" అందామె. ప్రతి శనివారం వెళ్తున్నాను. ఇప్పుడు నిద్ర పడుతోంది. ఏసుపాదం గారిని క్షమించమని అడిగితే, "నీ భయం నీదమ్మా, పాపను ఎక్కించు, టైమైంది" అన్నాడు. ఒంటి మీద ఎవరైనా తప్పుగా చెయ్యి వేస్తే వెంటనే నాతో చెప్పాలని నగీనాకు విడమరిచి చెప్పాను. "చెప్తాలే" అని ఆటకు పరిగెత్తింది. ఎప్పటిలా ఈసారి దాని వెనకాల వెళ్ళలేదు.

నీ మీద నాకు కోపం లేదు. దూరంగా ఉన్నది సిగ్గుతో. అదీ పోతోంది, నెమ్మదిగా.

ఆదివారం బస్సుకి వస్తున్నాం. నగీనాను నాలుగు రోజులు నీ దగ్గర ఉంచి నేను తిరిగొచ్చేస్తాను. అది పుట్టాక ఒక్క రాత్రి కూడా దాన్ని ఎవరి దగ్గరా వదల్లేదు. నీ దగ్గరైతే వదలగలను.

ఇట్లు,
నీ చెల్లెలు
ఫర్హానా